ఇటుకల ఆట, గులాబి మొగ్గల కుర్తా

ఏడో తరగతి పరీక్షలు అయిపోగానే మా అమ్మ నన్ను కుట్టుపని నేర్చుకోమని పంపింది. కుట్టు ఒక సాకు. ఇంటికి ఎవరైనా వస్తే నేను వంటింట్లో బియ్యం డబ్బా వెనకకు జారుకునేదాన్ని. మంచినీళ్లు ఇచ్చి రమ్మంటే గ్లాసు గడప మీద పెట్టి వచ్చేదాన్ని. బడిలో హాజరు పిలిచినప్పుడు నా గొంతు సారుకు వినపడక, పక్కన కూర్చున్న పిల్లే నా తరఫున "ఉన్నది సార్" అని అరిచేది.

ఆ పిల్లదే మా పక్కిల్లు. షాద్‌నగర్‌లో రైల్వే స్టేషన్‌కు పోయే గల్లీలో మాదీ వాళ్లదీ కిరాయి ఇళ్లు. నడుమ ఒక పిట్టగోడ. ఆ పిల్ల తల్లి ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఉర్దూలో పిన్నమ్మను ఖాలా అంటారు. కూతురి స్నేహితులం కాబట్టి మాకందరికీ ఆమె ఖాలాయే.

ఒక పొద్దున అమ్మ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, నేను వింటుండగానే, నా సంగతి ఎత్తింది.

"గీ పిల్ల నోట్లె నాలుకనే లేదు. నలుగురు ఆడోళ్లు వచ్చిపోయే జాగల కూసుంటెనన్న జర మాట వస్తదేమో."

"పంపియ్ అక్కా," అంది ఖాలా. "నా మిషన్ నోరు ముయ్యది, నేను నోరు ముయ్య. మా ఇద్దరి నడుమల నీ బిడ్డ ఒక్క మాట మాట్లాడినా చాలు."

ఖాలా ఇంటి వరండాలో కాలితో తొక్కే నల్లటి మిషన్ ఉండేది. బడిపిల్లల నిక్కర్లు, లంగాలు, జాకెట్లు, దిండు గలీబులు, ఏవి తెచ్చినా కుట్టేది. పెండ్లి బట్టలు మాత్రం ఎవరూ తెచ్చేవాళ్లు కాదు. మాకు పట్నం దగ్గర. పెండ్లి కుదిరిందంటే చాలు, ఆడవాళ్లంతా బస్సెక్కి పట్నంలో పేరున్న దర్జీల దగ్గరికి పోయేవాళ్లు. ఖాలా వాళ్లమ్మ పాలమూరులో పెండ్లి కుర్తాలు కుట్టడంలో ఎంతో పేరున్న మనిషి. ఆ పని మొత్తం ఖాలా చేతికి వచ్చింది. చెయ్యమని అడిగేవాళ్లే లేరు.

"ఒక్క పెండ్లి జోడు," అనేది ఖాలా, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఒక్కటంటె ఒక్కటి నా చేతికి రానియ్. నా అమ్మ పేరు మళ్ల గీ ఊర్ల వినిపియ్యకుంటె అడుగు."

ఆమె దగ్గర మొదటి పాఠం గుడ్డతో కాదు, పాత పేపర్లతో. జాకెట్ ముక్కలు పేపరు మీద గీసుకుని కత్తిరించాలి. అక్కడే నాకు చిక్కు వచ్చింది. ఇంట్లో ఎవరికీ పెద్దగా తెలియదు గానీ, అచ్చక్షరం కనిపిస్తే నేను చదవకుండా ఉండలేను. పల్లీల పొట్లం కూడా విప్పి చదివేదాన్ని. ఖాలా ఇచ్చే పేపర్లలో ఆదివారం పేజీలు వచ్చేవి, వాటిలో కథలు ఉండేవి. కథ చదువుతూ కత్తిరించాలంటే అక్షరాలు నాకు ఎదురుగా నిలబడి ఉండాలి కదా. అందుకని వెనక ముక్క, ముందు ముక్క, చేతి ముక్క అన్నీ అక్షరాల తల పైకి ఉండేలాగే పెట్టేదాన్ని. ముక్కల నడుమ బోలెడంత పేపరు వృథాగా పోయేది.

"అరె, గీమె కాయితం కోస్తలేదు, పరీక్షకు చదువుతాంది!" అంది ఖాలా మొదటి రోజే.

"అమ్మీ, గీమె కుట్టిన జాకెట్ తొడుక్కుంటె పేపర్ కొనే పని లేదు. వీపు మీద చదువుకోవచ్చు," అంది ఆమె కూతురు.

ఖాలా నవ్వి, నా చేతిలోని ముక్కను తీసుకుని తలకిందులుగా పెట్టి చూపించింది. పక్క ముక్క సందులో అది చక్కగా ఇమిడింది. "తిప్పాలె బిడ్డా. తిప్పి సూడాలె. తిప్పకుంటె గుడ్డంత తరుగు పోతది."

నేను తల ఊపాను. ఆ సాయంత్రం డైరీలో "తిప్పడం నేర్చుకోవాలి" అని రాసుకున్నాను. మరునాడు మళ్లీ కథ ఉన్న పేజీ వచ్చింది, మళ్లీ అక్షరాలు నిలబడ్డాయి.

ఆ వారంలోనే నా స్నేహితురాలి మేనమామ పట్నం నుంచి దానికి ఒక వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలించేది కాదు, చేతిలో పట్టేది. బూడిద రంగు చిన్న తెర. పైనుంచి ఇటుకలు రకరకాల ఆకారాల్లో పడుతుంటాయి. ఒకటి పొడుగ్గా, ఒకటి చదరంగా, ఒకటి మోకాలు వంచినట్టు. అవి కిందికి చేరేలోపు బొత్తాం నొక్కి తిప్పుకుని, సందు లేకుండా పేర్చాలి. వరుస నిండితే ఆ వరుస మాయమవుతుంది. నిండకపోతే గోడ పెరిగి పెరిగి తెర పైఅంచుకు తగులుతుంది, ఆట అయిపోతుంది. మేము దాన్ని ఇటుకల ఆట అనేవాళ్లం. సెల్లుల్లో బలం తగ్గితే ఇటుకలు మసకబారేవి. వాటిని తీసి వరండా ముందు గచ్చు మీద ఎండబెట్టేవాళ్లం, వడియాలకు కాపలా ఉన్నట్టు పక్కనే కూర్చుని.

నా స్నేహితురాలి వేళ్లు చాలా చురుకు. ఇటుక కనిపించగానే దాన్ని ఎక్కడో ఒకచోట దబ్బున దింపేది. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒక మూల లోతుగా సందు పెట్టుకుని, దాంట్లో పొడుగు ఇటుక దింపాలని కాచుకునేది. అది వచ్చేలోపే విసుగొచ్చి ఇంకేదో ఇటుకతో ఆ సందు మూసేసేది. మరుక్షణమే పొడుగు ఇటుక దిగేది.

"సూసినవానే? మూసినంక వచ్చింది! గిది దొంగ మిషన్."

"వచ్చేది పక్కన సూపిస్తనే ఉంది గద," అన్నాను మెల్లగా.

"యాడ?"

తెర పక్కన చిన్న గడిలో, తర్వాత రాబోయే ఇటుక బొమ్మ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. నా స్నేహితురాలు ఆ గడిని ఒక్కసారి కూడా చూడలేదు. నేను వేలితో చూపించాను. అది తెర వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

"గప్పటి సంది సూసుకుంట కూసున్నవ్, చెప్తలేవేందే? నోరు కిరాయికిచ్చినవా?"

ఆ రోజు నుంచి ఆ గేమ్ నా చేతికి కూడా వచ్చేది. నేను నిదానం. అయినా నా ఆట ఎక్కువసేపు నిలిచేది. వచ్చే ముక్కను చూసుకుని ఇప్పటి ముక్కను పెట్టడం, పొడుగు ఇటుక కోసం ఒక సందు ఓపికగా వదిలిపెట్టడం, ఒక పక్కే ఎత్తుగా పేర్చకపోవడం, తప్పు జాగాలో పడ్డ ఇటుకను చూస్తూ కూర్చోకుండా దాని పైవరుస సంగతి చూడటం, ఇవన్నీ నాకు ఎవరూ చెప్పకుండానే వచ్చాయి. ఆట పోతున్నకొద్దీ ఇటుకల వేగం పెరుగుతుంది. గాబరా పడితే వేళ్లు తడబడతాయి. నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడదడలాడే నాకు, ఆ వేగంలో మాత్రం చేతులు వణికేవి కావు. ఆ సంగతి నాకే కొత్తగా అనిపించి డైరీలో రాసుకున్నాను కూడా.

పెద్దవాళ్లకు మాత్రం ఆ ఆట కంటగింపు. "కుట్టు నేర్సుకొమ్మంటె గా డబ్బ పట్టుకొని కూసున్నవ్. కండ్లు పోతయి," అని గోడ అవతల నుంచి అమ్మ. "గా టుయ్ టుయ్ బంద్ చెయ్యుండ్రి, నా తలకాయ నొస్తాంది," అని మిషన్ మీద నుంచి ఖాలా. మేము చప్పుడు తగ్గించుకుని ఆడేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఖాలా నా ముందు ఒక పేపరు పరిచి జాకెట్ కత్తిరించమంది. ఆ పేజీలో కథ లేదు, అన్నీ సినిమా ప్రకటనలు. చదవడానికి ఏమీ లేక దాన్ని ఊరికే చూస్తూ ఉంటే, ఆ పేపరు నాకు ఇటుకల ఆట తెరలాగా కనిపించింది. వెనక ముక్కను మూలకు దింపాను. చేతి ముక్కను తిప్పి దాని సందులో పెట్టాను. ఇంకోటి తిప్పాను. ముక్కలన్నీ పట్టి, పక్కన ఇంకా పట్టీలకు సరిపడా పేపరు మిగిలింది. ఖాలా మిషన్ ఆపి వచ్చి చూసింది.

"ఎట్లొచ్చిందే గీ తెలివి?"

నేను చెప్పేలోపే కూతురు అందుకుంది. "ఇటుకల ఆట అమ్మీ! నువ్వు తిట్టే టుయ్ టుయ్ డబ్బ!"

"గా డబ్బలకెల్లి జాకెట్ వచ్చిందా?" అని ఖాలా చాలాసేపు నవ్వింది. ఆ పేపరు ముక్కలను మాత్రం పారెయ్యలేదు. గోడకు ఉన్న మేకుకు గుచ్చి పెట్టింది, వచ్చినవాళ్లందరికీ కనిపించేలాగా. నేను రోజూ వాటి వంక దొంగచూపులు చూసుకునేదాన్ని.

పెండ్లి జోడు ఆ ఎండాకాలంలోనే వచ్చింది.

మసీదు వెనక గల్లీ నుంచి ఒక పెద్దావిడ చెమటలు కక్కుతూ వచ్చి, బురఖా పైకెత్తి, మిషన్ ముందు ముక్కాలి మీద కూర్చుంది. బిడ్డ పెండ్లి ముందుకు జరిగింది. పట్నంలో దర్జీలందరూ పెండ్లిళ్ల పనుల్లో మునిగి ఉన్నారు, ఎవరూ ఒప్పుకోలేదు. ఆమె సంచిలోంచి పైజామాకు సాదా గుడ్డ, ఓణీకి జరీ గోట చుట్ట తీసి పక్కన పెట్టి, కుర్తా గుడ్డను ఒళ్లో పరుచుకుంది. పాలమీగడ రంగు మెత్తటి గుడ్డ. దాని నిండా చిన్న చిన్న గులాబి మొగ్గలు, ఒక్కోదానికి ఒక కాడ, రెండు ఆకులు.

"నా తమ్ముడు లారీ మీద బొంబాయి పోయినప్పుడు తెచ్చిండు. గిట్లాంటిది ఈడ దొరకది. తప్పు పోతె మళ్ల తెచ్చేటందుకు లేదు. నిజం చెప్పు, కలీల కుర్తా కుడ్తవా? నీతోని కాదంటె ఇప్పుడే చెప్పు."

"నా అమ్మ కుట్టిన కలీలు పాలమూరుల ఎన్ని పెండ్లిళ్లల్ల తిరిగినయో తెలుసా ఆపా? నా చెయ్యి గూడ గా చెయ్యే."

"చెయ్యి గదే గని, కుట్టేటివి బడిపోరల నిక్కర్లు గద."

మేమిద్దరం తలలు దించుకున్నాం. ఖాలా మాత్రం చిరునవ్వుతోనే అంది, "నిక్కర్లు కుట్టేటోళ్లకే గుడ్డ విలువ తెలుస్తది ఆపా. పోరగాండ్లు చింపుకొస్తరు, మేము అతుకేస్తం. నీ గుడ్డకు ఫికర్ పడకు."

ఆమె పోయాక ఖాలా ఆ గుడ్డను పెట్టెలో దాచి, మిషన్ ముందు ఊరికే కూర్చుంది. చక్రం తిరగలేదు. పాట లేదు, మాట లేదు. ఇన్నాళ్లు అడిగిన ఒక్క పెండ్లి జోడు చేతికి వచ్చింది. దాంతో పేరు రావాలి, లేదా బతుకంతా నిక్కర్లే కుట్టాలి. ఆ సంగతి మాకు కూడా అర్థమైంది.

కలీల కుర్తా అంటే నడుమ ఒక నిలువు ముక్క, దానికి పక్కల పొడుగాటి కలీలు. కలీ పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. కలీలన్నీ కలిపి కుడితే కింద ఘేరు గొడుగులాగా విచ్చుకుంటుంది. వాటిని కత్తిరించే పద్ధతి ఖాలాకు వాళ్లమ్మ నేర్పింది. గుడ్డ మీద ఒక కలీ నిలబడాలి, దాని పక్కది తలకిందులుగా ఉండాలి, దాని పక్కది మళ్లీ నిలబడాలి. అప్పుడు ఒకదాని సన్నటి మెడ పక్కన ఇంకోదాని వెడల్పు పాదం ఇముడుతుంది. "నడుమల గాలి గూడ పోవద్దు" అనేదట వాళ్లమ్మ. ఆ ఇంట్లో కలీలను ఇంకోరకంగా కత్తిరించడం ఎవరికీ తెలియదు.

కత్తిరించే రోజు ఖాలా పొద్దున్నే స్నానం చేసి, నేల తుడిచి, ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద గుడ్డను బోర్లా వేసింది. సుద్ద గీతలు లోపలి వైపే పడాలి కదా. గుడ్డ వెనక వైపు మొగ్గలు సరిగ్గా కనిపించవు. ఏవో గులాబి రంగు నీడలు మాత్రమే. నేనూ నా స్నేహితురాలూ చెరో అంచు పట్టుకున్నాం. ఖాలా గీసుకుంటూ పోయింది. నిలువు ముక్క, చేతులు, తర్వాత కలీలు, ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా. చివరి కలీ గీసేసరికి గుడ్డ సరిగ్గా అయిపోయింది.

"సూడుండ్రి, గాలి పోనిచ్చిన్నా?" అంది నడుము మీద చేతులు పెట్టుకుని.

నిజంగానే సందు లేదు. ఇటుకల ఆటలో వరుస నిండి మాయం కాబోయే క్షణంలా ఉంది. నేను ముచ్చటగా చూస్తున్నాను. అంతలో ఫ్యాను గాలికి నా చేతిలోని అంచు మడతపడి, గుడ్డ ముఖం పైకి తేలింది. మొగ్గలు కనిపించాయి. వాటి కాడలు అంచు వైపు, తలలు గుడ్డ నడుమ వైపు. నా పక్కనున్న సుద్ద గీత చూశాను. ఆ కలీ సన్నటి మెడ కూడా అంచు వైపే ఉంది. నా మెడ దానంతటదే ఒక పక్కకు వంగింది, తలకిందులుగా పడ్డ పేపరు చదవాల్సి వచ్చినప్పుడు వంగినట్టు.

ఖాలా "బిస్మిల్లా" అని కత్తెర నోరు తెరిచింది.

చెప్పాలి. ఆటలోనైతే ఇటుక నేలకు తగిలేదాకా తిప్పుకోవచ్చు. తగిలాక ఇక ఎన్ని బొత్తాలు నొక్కినా లాభం లేదు. నేను ముందుకు వంగి, కత్తెర ఎదుట గుడ్డ మీద నా అరచెయ్యి పెట్టాను.

"చెయ్యి తియ్యే! ఏళ్లు తెగుతయి!"

"ఖాలా, అక్షరాలు తలకిందులైతయి."

"అక్షరాలేంది? గుడ్డ మీద అక్షరాలెక్కడియే?"

నా స్నేహితురాలు పకపకా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. ఇక మాటలు పెట్టుకోకుండా గుడ్డ అంచును మొత్తం పైకి తిప్పి చూపించాను. "మొగ్గలు, ఖాలా. ఒక కలీల నిలబడ్తయి, పక్క కలీల తల కిందికి ఏలాడ్తయి."

ఖాలా కత్తెర కింద పెట్టి, మోకాళ్ల మీద వంగి చూసింది. కూతురు కూడా నవ్వు ఆపి పక్కన వచ్చి వంగింది.

"యా అల్లా," అంది ఖాలా నేల మీద చతికిలబడి. "సగం పూలు ఏలాడుకుంట... పెండ్లిపిల్ల మీద వాడిపోయిన పూలు కప్పుతుంటినే!" వాళ్లమ్మ కాలంలో కలీలకు సాదా గుడ్డలే వాడేవాళ్లు. పైనా కిందా అన్న గొడవ వాటికి లేదు. ఆ పద్ధతి అంత సాఫీగా చేతికి రావడం వల్లనే ఖాలాకు ఆ అనుమానం రాలేదు.

ఆమె సుద్ద దులిపేసి మళ్లీ గీసింది, కలీలన్నీ నిలువుగా. ప్రతి రెండు కలీల నడుమ ఒక పెద్ద సందు మిగిలింది. గుడ్డ అయిపోయింది గానీ చేతులకు జాగా లేదు. మళ్లీ గీసింది. మళ్లీ అంతే. చివరికి సుద్ద ముక్క పక్కన పెట్టి గుడ్డ మడవడం మొదలుపెట్టింది.

"పోయి గామెకు వాపస్ ఇచ్చొస్త. ఇంక కోయలే, గదొక్కటే నయం. నిక్కర్లోళ్లకు నిక్కర్లే మంచిగుంటయి."

ఆ మాట ఖాలా నోటి నుంచి రావడం నాకు నచ్చలేదు. ఎంత నచ్చలేదంటే, భయం గుర్తుకు రావడానికి ముందే మాట బయటికి వచ్చేసింది.

"పేపర్ మీద పెట్టి సూద్దం, ఖాలా."

"పేపర్ మీద పెడితె గుడ్డ పెరుగుతదా బిడ్డా?"

"పేపర్‌కు తల కాళ్లు తెలుస్తయి. అక్షరాలుంటయి గద."

ఖాలా నన్ను ఒక క్షణం చూసి, మడత విప్పింది. మేము పేపర్ల మీద ముక్కలన్నీ కత్తిరించాం, అక్షరాల తల పైకి వచ్చేలాగా. ఈసారి నా పద్ధతికి ఎవరూ నవ్వలేదు. గుడ్డంత వెడల్పున నేల మీద సుద్దతో గీత గీసుకుని, దాంట్లో పేపరు ముక్కలు జరపడం మొదలుపెట్టాం. నియమం ఒక్కటే: ఏ ముక్కా తిప్పకూడదు, అక్షరాలు నిలబడే ఉండాలి.

"తిప్పుడు లేకుంటె గదేం ఆటే?" అని సణిగింది నా స్నేహితురాలు. అయినా దాని చేతులే అందరికన్నా ముందు జరుపుతున్నాయి.

నేను ముక్కలను వదిలి సందుల వంక చూశాను. ఆటలోనూ అంతే, ఇటుకను చూస్తే గాబరా, సందును చూస్తే దారి. రెండు కలీల నడుమ సందు పైన వెడల్పు, కింద సన్నం. కుర్తాలో పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే ముక్క ఏది? నా స్నేహితురాలు చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తింది. దాని చొక్కా చెయ్యి భుజం దగ్గర వదులుగా, మణికట్టు దగ్గర బిగువుగా ఉంది.

"చెయ్యి," అన్నాను. "చెయ్యి ముక్క నడుమల పెట్టు."

చేతి ముక్కలను ఖాలా అలవాటు ప్రకారం అన్నిటికన్నా ముందు, పైన పక్కపక్కన, విడిగా పెట్టింది. ఇప్పుడు ఒకటి తెచ్చి సందులో పెట్టి చూసింది. నిలువుగానే ఉంది, అక్షరాలు నిలబడే ఉన్నాయి, కానీ పట్టలేదు. సందు కన్నా ముక్క వెడల్పు.

"సగం జేస్తె?" అంది కూతురు. నిలువునా రెండుగా మడిచి పెడితే సరిగ్గా పట్టింది. ఒక సగం ఈ సందులో, ఇంకో సగం ఆ సందులో.

"పెండ్లి కుర్తాకు చేతుల నడుమల అతుకా?" అంది ఖాలా. "భుజం కాడికెల్లి మణికట్టు దాంక అతుకు కనవడ్తది. నిక్కర్లు కుట్టేదాని బుద్ధి పోనిచ్చుకోలే అంటరు."

అతుకు పేరు చెప్పి ఆమె ఆగిపోయింది గానీ, ఆమె కళ్లు మాత్రం గోడ అరలోకి పోయాయి. అక్కడ రేకు డబ్బా ఉంది, దాంట్లో జరీ గోట చుట్ట, వేలెడు వెడల్పు మెరిసే పట్టీ. ఓణీ అంచుకు కుట్టడానికి పెండ్లివారు ఇచ్చింది, కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. ఖాలా లేచి, డబ్బా మూత తీసి, గోట చివర పట్టుకుని తన చెయ్యి మీద భుజం నుంచి మణికట్టు దాకా పరుచుకుంది. బంగారు గీత గీసినట్టు మెరిసింది.

"అతుకు మీద గోట," అంది తనలో తనే. తర్వాత గట్టిగా, "అతుకు మీద గోట!"

చంకల కింద పెట్టే చిన్న ముక్కలు, మెడ లోపలి పట్టీలు పైజామా సాదా గుడ్డలోంచి తీసింది. అవి లోపలే ఉంటాయి. ఇంకోసారి "బిస్మిల్లా" అంది. గుడ్డ మీద కత్తెర కరకరమని నడుస్తుంటే నేనూ నా స్నేహితురాలూ అంచులు కదలకుండా పట్టుకున్నాం. కత్తెర నా వైపు వచ్చినప్పుడు నేను ఇంకోసారి చూసుకున్నాను. మొగ్గలన్నీ నిలబడే ఉన్నాయి.

కుర్తా తీసుకోవడానికి ఆ పెద్దావిడ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా ఘేరు పరిచి చూసింది, తిప్పి కుట్లు చూసింది, లాగి చూసింది. చేతుల మీద గోట దగ్గర ఆమె వేలు ఆగింది.

"గిదేంది? నేను చెప్పలే గద? గిట్ల పెట్టుమని ఎవలు చెప్పిండ్రు?"

ఖాలా మూలన బొత్తాలు కుడుతున్న నా వైపు గడ్డం ఎత్తి చూపించింది. "గా పిల్ల. పువ్వులు తలకిందులైతయని కత్తెరకు చెయ్యి అడ్డం పెట్టింది. పూలన్ని నిలబెట్టి, చేతులకు జాగా దొరికిచ్చింది. గోట ఉపాయం నాది, గుడ్డ నీది, తెలివి దానిది."

పెద్దావిడ నా వైపు తిరిగింది. "నువ్వేనా?"

బియ్యం డబ్బా వెనకకు జారుకోవడానికి అది మా వంటిల్లు కాదు. పైగా నాకు జారుకోవాలని అనిపించలేదు.

"హౌ, నేనే," అన్నాను. నేను అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవలదే గా గొంతు?" అని అమ్మ కేకేసింది.

"నీ బిడ్డదే అక్కా!" అని ఖాలా తిరిగి కేకేసింది. "నాలుక దొరికింది, కుట్టు బట్టలల్ల కలిసిపోయిందట!"

పెండ్లినాడు అమ్మా నేనూ ఆడవాళ్ల షామియానాలో, ఖాలా పక్కన కూర్చున్నాం. పెండ్లికూతురు వచ్చింది. ఆమె నడుస్తుంటే ఘేరు మీద మొగ్గలన్నీ తలలెత్తుకుని కదిలాయి, ఒక్కటి కూడా వాలకుండా. ముసుగు సర్దుకోవడానికి ఆమె చెయ్యి ఎత్తినప్పుడు గోట మెరిసింది. మా వెనక కూర్చున్నవాళ్ల గుసగుసలు మాకు వినపడుతూనే ఉన్నాయి.

"చేతుల మీద గోట సూడు, కొత్త తీరుగుంది. పట్నం పని గావచ్చు."

"పట్నంల ఎవలు కుట్టిండ్రో అడగాలె."

పెండ్లికూతురి తల్లి అటు నుంచి పోతూ ఆగి చెప్పింది. "పట్నం కాదు, గిట్నం కాదు. మన స్టేషన్ గల్లీలనే. పాలమూరు చెయ్యి."

ఖాలా తన కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ నేల వంక చూసింది. ఆమె మాటలు లేకుండా కూర్చోవడం నేను రెండోసారి చూశాను. ఈసారి ఆమె ముఖం వేరు. నేను ఆమె మోచేతిని చిన్నగా తాకాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, భోజనాలకు పిలిచేదాకా వదల్లేదు.

ఆ తర్వాత "చేతుల మీద గోట" మా ఊరి తీరైపోయింది. గుడ్డ సరిపోయినా సరే, అతుకు అక్కర్లేకున్నా సరే, పెండ్లి కుర్తా అంటే భుజం నుంచి మణికట్టు దాకా గోట గీత ఉండాలని అడిగేవాళ్లు. నిక్కర్లు కుట్టించుకునే తల్లులు వరుసలో కూర్చోవలసి వచ్చేది. "నిక్కర్లోళ్లను మర్సిపోయినవా?" అని వాళ్లు దెప్పితే ఖాలా, "మర్సిపోలే. గా అతుకు మీదనే గదా బతుకుతున్న," అనేది.

నేనిప్పుడు డిగ్రీ చదువుతున్నాను. రైలుబండెక్కి పట్నం పోయి వస్తాను. తరగతిలో హాజరుకు నా తరఫున ఎవరూ పలకనక్కర్లేదు. ఇటుకల ఆట ఇప్పుడు మా గల్లీలో చాలా ఇళ్లలో ఉంది. పిల్లలు అన్నం మానేసి ఆడుతున్నారని తల్లులు ఖాలా ముందు మొత్తుకుంటారు. ఖాలా వాళ్లను తిట్టదు, పిల్లలను మెచ్చుకోదు. ఒకటే అడుగుతుంది: "పక్కన సూపిచ్చే ముక్కను సూస్తున్నరా, లేదా? సూస్తె ఆడనియ్యి."

మొన్న ఆదివారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ అవతల నుంచి ఆమె కేక వినిపించింది. ఎవరిదో పూల పెండ్లి గుడ్డ వచ్చిందంట. ఆమె దాన్ని ముఖం పైకి పెట్టి నేలంతా పరుచుకుని, కత్తెర పక్కన పెట్టుకుని కూర్చుంది.

"బిడ్డా, జర వచ్చి చదివి పో!"

"వస్తున్న ఖాలా!" అని నేను కేకేశాను. మా గల్లీ చివరిదాకా వినపడి ఉంటుంది. చేతులు కొంగుకు తుడుచుకుని గోడ దాటాను.